చెమట వాసన చూసిన ఏళ్ళు

ముప్ఫై దాటిన కొద్దికే రిటైరయ్యానంటే మా ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నిజానికి పనిలోంచి దిగింది నేను కాదు, నా ముక్కు. మొన్నటి జ్వరం పోతూ పోతూ వాసనల్లో సగానికి పైగా తన వెంట పట్టుకుపోయింది. గంధం, వట్టివేరు, తడిసిన మట్టి అన్నీ ఇప్పుడు గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు అస్పష్టంగా అందుతున్నాయి. కాళ్ళూ చేతులూ ఎంత గట్టిగా ఉన్నా ముక్కు లేకపోతే ఈ పని కుదరదు. అందుకే నిజామాబాద్‌లో, ఖాలా అని, అంటే పిన్ని అని, అందరం పిలిచే రజియా ఇంటి మేడగదిలో కిటికీ పక్కన నా స్టూలు ఖాళీ అయింది.

ఆ స్టూలు మీద కూర్చోబోయే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పమని ఖాలా అన్నది కానీ నలుగురు నా మొహంలోకి చూస్తే నాకు మాట పెగలదు. కాగితం అయితే నన్ను చూడదు. ఏది ఎంత కలపాలో ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్పేస్తారు. కలపడం ఈ పనిలో చిన్న భాగం. పెద్ద భాగమేమిటో నాకు తెలియజేసింది స్వరూప అనే బస్సు కండక్టరు. ఆమె బస్సులో ఉంటుందా, దిగిపోతుందా అన్నది కొన్ని వారాల పాటు మేము చేసిచ్చే లేపనం డబ్బా మీద ఆధారపడింది. ఎక్కువగా ఆమె గురించే రాస్తాను.

పని అంటే ఇదీ

మేము చేసేది చంకల్లో రాసుకునే లేపనం. షాపు స్ప్రేలు పడక, చర్మం మండి, పొక్కి, నల్లబడిపోయినవాళ్ళు మా దగ్గరికి వస్తారు. బయటివాళ్ళు దీన్ని సెంటు పని అనుకుంటారు. సగం రోజు మేము చూసేది చెమట వాసన.

దానికొక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళకు ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీర ముక్కలు ఇస్తాం. వాటిని జాకెట్టు లోపల చంక దగ్గర పిన్నుతో పెట్టుకుని, రోజంతా తమ పని తాము చేసుకుని, సాయంత్రం స్టీలు టిఫిన్ డబ్బాలో మూతబెట్టి తేవాలి. కుడిది పై గిన్నెలో, ఎడమది కింది గిన్నెలో. మనిషి దగ్గర ముక్కు పెట్టి చూడటం వాళ్ళకూ కష్టం, మనకూ కష్టం. గుడ్డ దగ్గర ఎవరికీ సిగ్గు ఉండదు. ఖాలా ముక్కు పుట్టినప్పటి నుంచి అత్తరులో నానింది, దానికి చెమట అందదు. అందుకని ఆ డబ్బాలు నా ఒళ్ళోకి వచ్చాయి.

మొదటి రోజు మూత తీయడానికి చేయి రాలేదు. తర్వాత తర్వాత మధ్యాహ్నాలు ఎలా గడిచేవో తెలిసేది కాదు. కళ్ళు మూసుకుని గుడ్డ దగ్గరికి వంగేదాన్ని. మార్కెట్ యార్డులో సంచులు కుట్టే ఆమె గుడ్డలో ఎండిన పసుపు కొమ్ముల ధూళి, దాని వెనక గోనె, ఆ వెనక ఎక్కడో పాలు తాగే పిల్ల తల వాసన. ఏర్గట్ల నుంచి వచ్చిన ఒకామె గుడ్డ మూత తీస్తే పసుపు ఉడకబెట్టే ఆవిరి గదిలో పరుచుకున్నట్టుండేది. బోధన్ వైపు గుడ్డల్లో, చెరుకు కొట్టే కాలంలో, కాలిన చెరుకాకు, దాని కింద సన్నగా తీపి. మా ఊరు అటే. ఆ గుడ్డ ముందు వంగినప్పుడు నేను మేడగదిలో ఉండేదాన్ని కాదు. తలకు మించిన తోటలో, ఆకు కోసుకోకుండా చేతులు దగ్గరికి ముడుచుకుని, అటు చివర మా బాపు దగ్గుతున్న చప్పుడు వైపు నడుస్తూ ఉండేదాన్ని. "అగో, మళ్ళీ ఊరికి పోయింది పిల్ల" అని ఖాలా చిటిక వేస్తే కళ్ళు తెరిచేదాన్ని.

మీకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. అప్పుడే పట్టిన చెమటకు పెద్దగా వాసన ఉండదు. అది గుడ్డలో, మడతల్లో నిలవుంటే వస్తుంది. నా దగ్గరికి వచ్చిన డబ్బాల్లో చాలావాటిలో చెడ్డ వాసనే లేదు. వాటిని తెచ్చినవాళ్ళ మొహాల్లో మాత్రం భయం ఉండేది. ఆ భయం ఎవరో ఒకరు ఎప్పుడో అన్న ఒక్క మాట నుంచి పుట్టి ఉండేది.

ఖాలా

రజియా ఖాలా పుట్టింటివాళ్ళది బోధన్‌లో అత్తరు వ్యాపారం. పెళ్ళయి నిజామాబాద్ వచ్చాక కింద దుకాణం, పైన ఈ గది. ఆమె పనితనం గొప్పది. మైనం కరిగిందో లేదో చూడకుండానే, గిన్నె వైపు చెవి పెట్టి చెప్పేది. అమ్మాయిలను ఎన్నడూ కసురుకోలేదు. మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి, నా పక్కనే చాప మీద నడుం వాల్చి, పాత కథలు చెబుతూ మధ్యలోనే నిద్రపోయేది. కథ చివర నేను ఊహించుకునేదాన్ని.

ఆమెలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. పరిమళం లేని వస్తువు చేతికివ్వడం ఆమెకు అవమానంగా ఉండేది.

"ఖుష్బూ లేని డబ్బా ఇచ్చుడంటే, పిలిచి ఖాళీ పళ్ళెం పెట్టినట్టు బేటీ" అనేది.

"వాళ్ళకు చర్మం మండుతుంది ఖాలా. వాసన కోసం రాలే."

"వాసన కోసమే గద వచ్చింది? ఉన్నది పోవాలె, మంచిది రావాలె. ఇంక నువ్వేం చదివినవు?"

నేను బోధన్ కాలేజీలో కెమిస్ట్రీ చదివాను. అది ఆమె నోట్లో ఎప్పుడూ వెక్కిరింతే, కానీ వచ్చినవాళ్ళందరికీ మొదట చెప్పేదీ అదే. ఆమెకు ఎదురు చెప్పలేక చాలాసార్లు ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి. సున్నితమైన చర్మం మీద అత్తరు చుక్క కూడా నిప్పురవ్వ కావచ్చు. పెద్దవాళ్ళ మీద ప్రేమ ఉండటం, వాళ్ళ మాట ప్రకారం కలపడం వేరు వేరు విషయాలు.

కండక్టరమ్మ

స్వరూప ఒక పొద్దున డ్యూటీకి పోతూ ఖాకీ కోటుతోనే మెట్లెక్కి వచ్చింది. నిజామాబాద్, బోధన్ మధ్య తిరిగే బస్సు ఆమెది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. గదిలో ఎవరూ లేరని చూసుకుని తలుపు దగ్గరికి వేసింది.

"చెల్లె, నువ్వేనట గద గుడ్డలు చూసేది?"

తల ఊపాను.

"నోరు లేదా?"

"ఉన్నదక్క. కూసో."

కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన తర్వాత బండిలో కాలు పెట్టే జాగా ఉండటం లేదు. అందరి మధ్య నుంచి, పై కడ్డీ పట్టుకుని, జరుగుతూ పోవాలి. ఎండాకాలం ఒకరోజు కిటికీ పక్క మనిషి జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, "అక్కా, జర చెయ్యి దించరాదూ" అన్నాడట. వెనక ఇద్దరు నవ్వారట. అంతే. ఆ రోజు నుంచి ఆమె చెయ్యెత్తలేదు. స్ప్రేలు కొట్టింది. నిమ్మకాయ రుద్దింది. పటిక రుద్దింది. మందు సబ్బుతో, పీచుతో, రోజుకు రెండు మూడు సార్లు తోమింది. చర్మం లేచిపోయింది.

"ఇప్పుడు పట్టుకుందమన్నా మంట. పట్టుకోకుంటే బ్రేకు కొట్టినప్పుడల్లా పడుతున్న. మొన్న ఎడపల్లి కాడ ఒకాయన ఒళ్ళనే పడ్డ. పాపం, ఆయన టికెట్ కూడా అడుగకుండ దిగిపోయిండు."

నవ్వింది, కానీ చేతులు పక్కలకు అతుక్కుని ఉన్నాయి.

"డిపోల సారు మంచోడే. నిలబడరాకుంటే లోపల లెక్కల రూంల కూసో అన్నడు. నెలాఖరుకు ఏదో ఒకటి చెప్పాలె. చెల్లె, నేను చిన్నప్పుడు బస్సు టికెట్లు ఏరి దాచుకునేదాన్ని. నాకు కుర్చీ వద్దు. నాకు బస్సే కావాలె."

అప్పుడు మొదటిసారి తలెత్తి ఆమెను సూటిగా చూశాననుకుంటాను.

మొదటి డబ్బా

పుండు పడ్డ చర్మానికి మొదట ఏమీ రాయకూడదు. ఆ సంగతి మాకు తెలుసు. అయినా స్వరూప తొందర చూసి మేమూ తొందరపడ్డాం. పుండు అనగానే పసుపు పండే నేల వాళ్ళ చెయ్యి ఎటు పోతుంది? మార్కెట్ యార్డు ఉన్న ఊళ్ళో పుట్టినవాళ్ళకు, పెరిగినవాళ్ళకు దెబ్బ తగిలినా పసుపే, జలుబు చేసినా పసుపే. ఖాలా కొత్త పంట పసుపు మెత్తగా జల్లించింది. వాసన పోవడానికి నేను తినే సోడా వేశాను. ఖస్ అత్తరు, అదే వట్టివేరుది, ఒక్క చుక్క అని ఖాలా వేసింది. చూడ్డానికి బంగారంలా ఉంది డబ్బా. ఇద్దరం దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి మురిసిపోయాం.

వారం తిరగకముందే స్వరూప మెట్ల మీద కాళ్ళు కొడుతూ వచ్చింది. సంచిలోంచి తెల్ల జాకెట్టు తీసి చాప మీద పరిచింది. రెండు చంకల కింద ఎర్రగా, అరచేతులంత మరకలు.

"చూడుండ్రి. నిన్న ఆగమాగంల కోటు మర్చిపోయిన. బస్సుల ఒక ముసలామె నెత్తురనుకుని, ఎవడు పొడిచిండు బిడ్డా అని ఒర్లింది. బండి ఆపిండ్రు."

ఖాలా జాకెట్టును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"యా అల్లా. మనం కుంకుమ చేసినం బేటీ."

అదే జరిగింది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అవుతుందని ఈ జిల్లాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. సోడా కూడా సున్నం చుట్టమే. సబ్బు కూడా. డబ్బాలో తడి తగలనంతసేపు బంగారమే. చెమట తగిలి, సబ్బు నీళ్ళు తగిలి ఎర్రబారింది. దాని కింద చర్మం మరీ అధ్వాన్నం, సోడా రాపిడికి మళ్ళీ లేచింది.

"పోనీ బొట్టు పెట్టుకుందునా దీంతోని?" అని స్వరూప అడిగింది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. నెలాఖరుకు ఇక మూడు వారాలే ఉంది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది: మనకు బాగా తెలిసిన వస్తువునే మనం పరీక్షించం. పసుపు మనింటి మనిషి. దాన్ని ఎవరు అనుమానిస్తారు?

రెండో డబ్బా

ముందు చర్మం డాక్టరు దగ్గరికి పంపాను. నీరు కారే చర్మం మన పని కాదు, ఎవరు ఎంత బతిమాలినా డబ్బా ఇవ్వకండి. డాక్టరమ్మ ఇచ్చిన మందుతో పుండు మానింది. అన్నాళ్ళూ చల్లని నీళ్ళు, మెత్తని పాత గుడ్డ తప్ప ఏమీ వద్దన్నాం. పీచు బయట పారేయించాం.

ఆ తర్వాత చేసిన డబ్బాలో ఏమీ లేదు. అంటే, వద్దనుకున్నవేవీ లేవు. వేడినీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి తేనె మైనం కరిగించాలి. అందులో కొబ్బరినూనె. దించి, గోరువెచ్చన అయ్యాక పాలగుండ పొడి, అదే ఆరారూట్, మందుల షాపులో దొరికే జింక్ ఆక్సైడ్ కొంచెం. ఉండలు కట్టకుండా ఒకే వైపు తిప్పుతూ ఉండాలి. సోడా లేదు, నిమ్మ లేదు, పటిక లేదు, పసుపు లేదు, అత్తరు లేదు. మన ఎండలకు కొబ్బరినూనె నీళ్ళైపోతుంది కాబట్టి వేసవిలో మైనం భాగం పెంచండి. మొదట మోచేతి మడతలో బఠాణీగింజంత రాసి, రెండు రోజులు చూసి, అప్పుడే చంకలో. ఇది చెమటను ఆపదు. ఆపుతుందని చెప్పకండి. తడిని కొంత పీలుస్తుంది, రాపిడి తగ్గిస్తుంది, వాసనను కొంత వెనక్కి పెడుతుంది. అంతే.

ఆ తెల్లటి ముద్దను తిప్పుతున్నప్పుడు గదిలో చప్పుడు ఉండదు. కింద వీధిలో ఆటోల మోత కూడా దూరమవుతుంది. గిన్నెలో మబ్బు ఒకటి మెల్లగా గట్టిపడుతున్నట్టు ఉంటుంది. ఈ పని మానేసి నేను పోగొట్టుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే ఆ గంటసేపే అని చెబుతాను.

ఖాలా సీసా మూత తీసి నిలబడింది. "ఒక్క చుక్క. ఖస్ చల్లగుంటది."

"వద్దు ఖాలా."

"నా దుకాణం పేరు పోతది."

"వద్దు."

నాకంత గట్టిగా మాట్లాడటం వచ్చని నాకే తెలియదు. ఖాలా సీసా మూసి, కొంగుతో తుడిచి, అలమారలో పెట్టింది. "కెమిస్ట్రీ" అని గొణిగింది.

డబ్బా చేయలేనిది

చర్మం నెమ్మదిగా చర్మంలా మారింది. మంట పోయింది. స్వరూప గుడ్డలు తెచ్చింది. వంగి చూశాను. ఖాకీ, డీజిలు, చిల్లర నాణేల ఇనుప వాసన. ఎవరో తినుకుంటూ పోయిన పల్లీలు. బోధన్ దగ్గర కిటికీలోంచి వచ్చి కూర్చున్న బెల్లం. ఆ అన్నింటి వెనక, అన్నం వార్చే గుడ్డను ఉతికి ఆరేసినట్టు, ఆమె సొంత వాసన.

"ఏం లేదక్క. చెడ్డ వాసన లేదు."

"నీకు అలవాటైంది. అందుకే తెలుస్తలేదు."

"లేదు."

"నా మనసు కోసం చెప్తున్నవు. నువ్వు మంచిదానివి. మంచోళ్ళు గిట్లనే చెప్తరు."

రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. నా మాట ఆమెకు ఎక్కలేదు. నేను కింద చూస్తూ మాట్లాడతాను, దాని వల్ల కూడా కావచ్చు. కడ్డీ పట్టుకున్నవా అని అడిగితే, సీటు వీపు పట్టుకుంటున్నానంది. మళ్ళీ ఒకసారి పడ్డానని కూడా చెప్పింది. నెల చివరి రోజు మర్నాడే. లెక్కల రూములో కుర్చీ తుడిచి పెట్టారట.

ఖాలా ఆ సాయంత్రం నాతో అన్న మాటలో నిజముంది. "మనం తోలుకు మందు చేసినం. ఆ రుమాలు మనిషి పెట్టిన పుండు తోలు మీద కాదు బేటీ."

ఇంక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఈ పనిలో అలాంటి రోజులు మీకూ వస్తాయి. ఇంకో డబ్బా ఇచ్చి పంపాలనిపిస్తుంది. ఇవ్వకండి. మా ఊరికి ఎలాగూ పోవాలి కాబట్టి నేను మర్నాడు ఆమె బస్సెక్కాను. పోయి ఏం చేస్తానో నాకు తెలియదు.

బోధన్ బస్సు

సాయంకాలం బండి. లోపల కొంగులు, సంచులు, చంటిపిల్లలు, ఆధార్ కార్డులు పట్టుకుని పైకెత్తిన చేతులు. స్వరూప నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది. మోచేతులు పక్కలకు అంటించుకుని, సీటు వీపుల మీద ఆనుకుంటూ, "కార్డు తియ్యిండ్రి, కార్డు" అంటూ ముందుకు వచ్చింది. డ్రైవరు మల్లన్న అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు. ఎక్కడ మెల్లగా పోవాలో అతనికి అలవాటైనట్టుంది.

పొద్దు వాలుతోంది. రోడ్డుకు రెండు పక్కలా వరి, మధ్య మధ్య చెరుకు. బస్సు పడమరకు పోతుంది కాబట్టి ఎండ అంతా ముందు అద్దంలోంచి లోపలికి, తేనె పోసినట్టు, మా అందరి మొహాల మీదికి వస్తోంది. అందరి కళ్ళూ సగం మూసుకుని ఉన్నాయి. ముందు వరసలో ఒక అవ్వ, మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని, పట్టుకోవడానికి ఏమీ అందక ఊగుతూ నిలబడి ఉంది. స్వరూప ఆమె పక్కకు వచ్చి కార్డు అడిగింది.

ఎడపల్లి దాటాక తోటలోంచి చెరుకు ట్రాక్టరు ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. మల్లన్న బ్రేకు తొక్కాడు.

బస్సంతా ముందుకు ఒరిగింది. అవ్వ కాళ్ళు తేలాయి. స్వరూప ఎడమ చెయ్యి అవ్వ రెక్క పట్టుకుంది. కుడి చెయ్యి పైకి లేచి కడ్డీని పట్టుకుంది. ఆలోచించి లేపిన చెయ్యి కాదది. బస్సు ఆగి నిలబడేసరికి అవ్వ తల సరిగ్గా స్వరూప చంక కింద ఉంది. ముక్కు ఖాకీకి ఆని ఉంది.

స్వరూప బిగుసుకుపోయింది. చుట్టూ జనం ట్రాక్టరువాణ్ణి తిడుతున్నారు. ఆమెకు అవేవీ వినిపించడం లేదు. అవ్వ వైపే చూస్తోంది, తీర్పు కోసం చూస్తున్నట్టు.

"అవ్వా, జర అటు..." అంటూ చెయ్యి దించబోయింది.

"దించకు బిడ్డా" అన్నది అవ్వ కళ్ళు తెరవకుండానే. "ఆ చెయ్యి అట్లనే ఉండనీ. ఇందాకటి నుంచి ఎండ కండ్లల్ల పొడుస్తుంది."

ఆ వదులు ఖాకీ చేతి నీడ అవ్వ మొహం మీద పడి ఉంది. అవ్వ ఇంకొంచెం దగ్గరికి జరిగి, తల ఆనించి, ఊపిరి గట్టిగా పీల్చి వదిలింది. బస్సు కదిలింది. కాసేపటికి ఆ ముసలి నోరు కొంచెం తెరుచుకుంది. నిద్రపోయింది.

స్వరూప నా వైపు చూసింది. నేను తల దించుకోలేదు.

వెనక నుంచి ఎవరో, "కండక్టరమ్మా, ఇటు రావా, నాకు టికెట్ ఇయ్యలే" అని అరిచారు.

"కావలసినోళ్ళు మీరే రాండ్రి" అన్నది స్వరూప. "నేను కదల. అవ్వకు ఎండ తగుల్తది."

జనం గొణుక్కుంటూ, ఒకరి మీదుగా ఒకరు కార్డులు ముందుకు అందించారు. ఆమె ఒక్క చేత్తోనే మిషను నొక్కి టికెట్లు చింపి వెనక్కి పంపింది. పొద్దు చెరుకు చివర్ల దాకా దిగింది. బస్సు నిండా నారింజరంగు నీళ్ళలాంటి వెలుతురు. అందులో మనుషులందరూ మెల్లగా ఊగుతున్నారు.

బోధన్‌లో అవ్వ మూట నెత్తికెత్తుకుని, వెనక్కి కూడా చూడకుండా దిగిపోయింది. జనమంతా దిగారు. మల్లన్న ఇంజను ఆపి, సీట్లోంచి తిరిగి అడిగాడు.

"ఏం స్వరూపా, రేపు నా బండికి ఎవరొస్తున్నరు?"

"నేనే వస్త. నువ్వు జర బ్రేకు సక్కగ తొక్కుడు నేర్చుకో."

నేను నా సంచి తీసుకుని మెట్టు దిగుతూ చూశాను. ఖాళీ బస్సు మధ్యలో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. బండి కదలడం లేదు, పట్టుకోవాల్సిన పనేమీ లేదు. చెయ్యి మాత్రం ఇంకా కడ్డీ మీదే ఉంది.